నిండుకున్న తొట్టి, కొండెక్కిన గొట్టం

జ్యేష్ఠ శుద్ధ చవితి

మంజీరా, నిన్న మేడ మీద అందరి ముందూ నువ్వు చెప్పింది తప్పు. "నిండుకుంది" అంటే నిండుగా ఉందని కాదు. ఖాళీ అయిందని. ఆ మాట అప్పుడే అనేదాన్ని. నోట్లో ఎండుచేప ముక్క ఉంది, ముల్లు గొంతుకు అడ్డం పడుతుందని ఊరుకున్నాను. నేను ముల్లు తీసుకునేలోగా నువ్వు చప్పట్లు కొట్టించుకుని కిందికి దిగిపోయావు.

ఈ నెల పోటుచిట్టా రాసే వంతు నాది. సముద్రం పొద్దున ఎంతదాకా వచ్చిందో రాసి సంతకం పెట్టడంతో నా పని సరి. ఇవాళ నాలుగో అంతస్తు కిటికీల దాకా వచ్చి పోయింది. రాశాను. మిగిలిన కాగితమంతా నీకు. నీళ్ళపెద్దవి కాబట్టి ఈ చిట్టా ఎలాగూ నువ్వే చదవాలి. అమ్మమ్మ ముఖం చూస్తూ వినడం కన్నా ఇలా చదువుకోవడం నీకూ హాయి.

మా ఇళ్ళలో బియ్యం అయిపోయాయి అనేవాళ్ళం కాదు. లేదు అనే మాట వంటింట్లో వినబడితే అది అక్కడే తిష్ట వేస్తుందని భయం. అందుకని డబ్బా అడుగు కనబడగానే "బియ్యం నిండుకున్నాయి" అనేవాళ్ళం. ఉప్పూ అంతే, పసుపూ అంతే. వినేవాళ్ళు సంచీ పట్టుకుని బజారుకు వెళ్ళేవాళ్ళు తప్ప, నిండాయి కదా అని కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళు కాదు. మీ తరానికి కళ్ళద్దాల్లో చదువరి ఉంది. గోడ మీద ఏ రాత కనబడినా అది చదివి చెవిలో అర్థం చెబుతుంది. ఏడో అంతస్తు మెట్ల కింది సిమెంటు తొట్టి మీద ఆ మాట చూసి "పూర్తిగా నిండినది" అని చెప్పి ఉంటుంది. దాన్ని తప్పుపట్టను. దానికి వంటిల్లు లేదు.

ఇది ఉత్త భాష గొడవ అయితే కాగితం పాడుచేసేదాన్ని కాదు. పోయిన తుఫానుకు మేడ మీది వానతొట్లలో సముద్రం పడింది. మిగిలింది కింది వరస తొట్లే. వాన ఇంకా జాడ లేదు. పున్నమి లోపల తాగే నీళ్ళు చూపించకపోతే మన మందారం బ్లాకు ఖాళీ చేయిస్తామని ఎగువ మండలి కబురు పెట్టింది. నువ్వేమో ఆ మూసిన తొట్టిని నమ్ముకుని, నిన్న మనిషికి రెండు చెంబులు అదనంగా పోయించావు.

తొట్టిని గుద్ది చూశాను. డప్పులా మోగింది. ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు పాఠం చెప్పినదాన్ని, ఆ మాత్రం తెలుసు. రేపు పగలగొట్టే ముందు ఈ పేజీ చదువు.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

చదవలేదు. పగలగొట్టావు.

లోపల ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ఎడమకాలి చెప్పు, ఎండిపోయిన జెర్రి. మా పక్కగది నూకరత్నం తొంగి చూసింది. వంటశాల అంతా ఆవిడ చేతిమీద నడుస్తుంది. వయసు నా ఈడే, నోరు నాకన్నా ఒక మెట్టు ఎక్కువ.

"ఒలమ్మో, నిండుగానే ఉంది కదేటి! ఖాళీతోటి" అంది.

నేను నవ్వలేదని గమనించావో లేదో. లోపల నవ్వాను, అది వేరు. అయితే ఆ తర్వాత నువ్వు చేసిన పని ఇక్కడ రాసి పెట్టాలి. చదువరి మీద నెట్టలేదు. రాసినవాళ్ళను తిట్టలేదు. ఆ కుర్చీ బయటికి లాగి, దుమ్ము తుడిచి, కాళ్ళు నొప్పులంటున్న నూకరత్నాన్ని కూర్చోబెట్టి, "తప్పు నాది. రేపటి నుంచి మనిషికి సగం చెంబే. నాకు పావు" అన్నావు. మీ అమ్మ ఉంటే ఏమనేదో తెలియదు. నేను మాత్రం నా గదికి వెళ్ళి చాలాసేపు దుప్పట్లు మడతపెట్టాను. మడిచినవే మళ్ళీ మడిచాను.

కుర్చీ మాత్రం గట్టిది. అది దాచినవాళ్ళకు దండం.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

పోటు తగ్గుముఖం. ఎండ మాత్రం కాదు.

రెండు రోజులుగా నువ్వు మెట్ల వెనక, గొట్టాలన్నీ దిగే డక్టులోనే ఉన్నావు. ఇవాళ నన్నూ పిలిచావు, రాతలు చదవడానికి. చదువరిని నుదుటి మీదికి నెట్టేసి "నువ్వే చెప్పు అమ్మమ్మా" అన్నావు. ఆ మాటకు ఏడంతస్తులు దిగమన్నా దిగేదాన్ని. డక్టు పక్కనే ఉంది కాబట్టి సరిపోయింది.

ఈ బిల్డింగులో గొట్టాల కన్నా కాపురాలు తక్కువ అనిపించింది నాకు. మునిసిపాలిటీ నీళ్ళకొకటి, బోరుకొకటి, ట్యాంకరుకొకటి, ఎండతో కాగే వేడినీళ్ళకొకటి. పాతది చెడితే దాన్ని తియ్యరు, పక్కన కొత్తది వేస్తారు. కొత్తది చెడితే దాని పక్కన మరొకటి. పేర్లు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. "తాగునీరు" అని ఉన్నదాన్ని విప్పితే లోపల కరెంటు తీగలు. "గ్యాసు, ప్రమాదం" అన్నదాంట్లో నాచు. "502 వేడినీళ్ళు" తిన్నగా గోడలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయింది, వేడినీళ్ళ కోసం 502 వాళ్ళు ఎన్నాళ్ళు ఎదురుచూశారో. ఒకదాని మీద "ఇది కాదు" అని ఉంది. పక్కదాని మీద "ఇదీ కాదు". మూడోదాని మీద ఏ రాతా లేదు. దాన్ని ఆశగా విప్పావు. ఎవరి స్నానాలగదో ఇన్నేళ్ళ తర్వాత కూడా కంపు కొట్టింది.

అన్నిటికీ వెనక, గోడకు ఆనుకుని నల్ల ప్లాస్టిక్ గొట్టం కనబడింది. మణికట్టంత లావు. చివర బిరడా బిగించి ఉంది. దాని మీద తెల్ల రంగుతో, వంకరటింకర అక్షరాలతో ఒకే ఒక్క మాట: "కొండెక్కింది".

నీ ముఖం వెలిగింది. "కొండ! అమ్మమ్మా, ఇది కొండ మీదికి పోతోంది. మన వెనక కొండే!"

ఇక్కడ నా నోరు ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. "మళ్ళీ మొదలెట్టావా?" అన్నాను. "దీపం ఆరిపోయింది అనకూడదు, అశుభం. కొండెక్కింది అంటారు. తొట్టి మీద నిండుకుంది అని రాసినవాళ్ళే ఇదీ రాసుంటారు. ఈ గొట్టం పని అయిపోయిందని మర్యాదగా చెప్పారు. ఒక్క వారంలో రెండుసార్లు అదే గోతిలో పడకు."

నువ్వు ఆ అక్షరాల మీద వేలు పెట్టి కాసేపు నిలబడ్డావు. తొట్టి దగ్గర తిన్న దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. "సరే అమ్మమ్మా" అని తలుపు వేసేశావు.

నాకు బాగానే అనిపించింది. నిజం రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

జ్యేష్ఠ శుద్ధ నవమి

మండలి మనిషి పరాంకుశం మోటారు తెప్ప మీద వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచి, అందరికీ నమస్కారం పెట్టి, ఎవరిని ఎక్కడికి పంపుతారో చదివి వినిపించాడు. ఎక్కడ మంచం ఖాళీగా ఉంటే అక్కడికి. నన్ను ఉత్తరం వైపు పొన్న బ్లాకుకి. నూకరత్నాన్ని దక్షిణం చివర ఎక్కడికో, మధ్యలో పోటు వస్తే రెండు పూటలు తెప్ప నడవని చోటికి. నిన్ను ఎగువ శిబిరానికి. నీళ్ళపని తెలిసినవాళ్ళు అక్కడ కావాలట.

నూకరత్నం గరిటె పట్టుకునే లేచింది. "ఏం బావూ, ఈ టీచరమ్మకి ఉదయం లేవగానే ఎవరో ఒకరితోటి దెబ్బలాడాల. నాను లేకపోతే ఆ పొన్న బ్లాకోలు ఏటైపోతారు? ఆలోచించినావేటి?"

"నా చేతిలో ఏముందమ్మా" అన్నాడు పరాంకుశం. "నీళ్ళు ఉప్పగా ఉన్నచోట పిల్లలకు విరేచనాలు పట్టుకుంటున్నాయి. పోయినేడు గన్నేరు బ్లాకులో ఆలస్యం చేశాం. ఆ తప్పు మళ్ళీ చెయ్యలేం."

అతను చెప్పింది న్యాయమే. అందుకే మరీ మింగుడుపడలేదు. నూకరత్నం పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. కాసేపటికి నేనూ వెళ్ళాను. ఇద్దరం కలిసి ఎండుచింతపండు గింజలు తీశాం. ఇరవై రెండేళ్ళుగా గోడకు అటూ ఇటూ ఉన్నాం. ఆవిడ గురక వినబడకపోతే నాకు నిద్ర పట్టదని ఆవిడకు చెప్పలేదు. చెబితే నెత్తిన ఎక్కి కూర్చుంటుంది.

జ్యేష్ఠ శుద్ధ దశమి

పొద్దున్నే నువ్వు వంటశాలకు వచ్చావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాత్రం పైకి ఉంది. మీ అమ్మది ఆ గడ్డం.

"అమ్మమ్మా, ఒక్కటి అడుగుతాను. దీపం కొండెక్కితే?"

"ఆరినట్టు."

"ధరలు కొండెక్కితే?"

"పెరిగినట్టు."

"మేక కొండెక్కితే?"

"ఎక్కినట్టే. ఏమిటే నీ గోల?"

"గొట్టం దీపంలాంటిదా, మేకలాంటిదా?"

పొయ్యి దగ్గర నూకరత్నం గరిటె ఆపి ఇటు తిరిగింది. గొట్టం ఆరిపోదు. గొట్టానికి అశుభం లేదు. పంపు చెడినప్పుడు, కుళాయి ఎండినప్పుడు ఎవరూ "కొండెక్కింది" అనగా నా జన్మలో వినలేదు. ఆ మాట దీపానిదే. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదంటే, తొట్టి దగ్గర గెలిచిన మత్తు ఇంకా దిగలేదన్నమాట.

"పొయ్యి ఆరితేనే కొండెక్కిందనం" అంది నూకరత్నం, నన్ను చూసి కళ్ళెగరేస్తూ. "మరి గొట్టాన్నెందుకంటాం? టీచరమ్మ చదువు నిండుకున్నాదిరా దేముడా!"

"మేకలాంటిదే" అన్నాను నేను. ఆ ఒక్క మాట అనడానికి పడిన శ్రమ డక్టులో గొట్టాలన్నీ విప్పినా పడి ఉండను.

నువ్వు అప్పటికే ఆలోచించి పెట్టుకున్నావు. సముద్రం వెనక్కి తీసినప్పుడు కొండ మొదట్లో బురద బయటపడుతుంది, ఆ నల్ల గొట్టం ఎక్కడో అక్కడ పైకి లేవాలి. కొండచరియలు విరిగిపడ్డ నాటి నుంచి అటు ఎవరూ వెళ్ళడం లేదు, మండలి వెళ్ళనివ్వడం లేదు. పరాంకుశాన్ని రేడియోలో పట్టుకున్నావు. అతను చాలాసేపు నసిగి, "తాడు కట్టుకుని వెళ్ళండి. నాకు చెప్పలేదు అనుకోండి" అన్నాడు. ఆ మనిషి మీద నాకున్న కోపంలో సగం అక్కడే పోయింది.

కొండ వెనకకు రేడియో అందదు. నీళ్ళు దొరికితే ఇక్కడ మాకు తెలిసేదెలాగని అడిగావు. దీనికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. ఈ కొస బిరడా విప్పి పెడతాను. ఆ కొసన గొట్టంలోకి నీళ్ళు దిగితే లోపలి గాలి ఎటో పోవాలి కదా. ఇటే వస్తుంది. మూతి దగ్గర దీపం పెడతాను.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

నువ్వు వెళ్ళింది నిన్న తెల్లవారుజామున. తాడు, నూకరత్నం చేపలకత్తి, వెంట తెప్ప నడిపే అక్కచెల్లెళ్ళిద్దరు. నిన్నంతా దీపం కదలలేదు. నూనె రెండుసార్లు పోశాం. ఉన్న నూనె వంటకే చాలదు, అయినా నూకరత్నం ఒక్క మాట అనలేదు. ఆవిడ మాట అనకపోవడం చూసి నాకు భయం వేసింది.

ఇవాళ పొద్దెక్కాక అన్నం వార్చి ఆవిడ డక్టులోకి వచ్చింది. తొట్టిలోంచి తీసిన కుర్చీలో తను, బోర్లించిన బకెట్టు మీద నేను. ఎదురుగా గొట్టం మూతి, దాని ముందు ప్రమిద.

"ఒకేల ఆ మంజీర గుంట జారిపడితే?" అంది.

"పడదు."

"నీకేటి తెలుసు?"

"తెలియదు. పడదు అంతే."

ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఈ సంగతి బయట చెబితే ఇద్దరం కాదంటాం.

మొదట దీపం వంగింది. కిటికీ గాలేమో అనుకుని తలుపు మూశాను. మళ్ళీ వంగింది, గొట్టానికి దూరంగా, ఎవరో మెల్లగా ఊదుతున్నట్టు. ఆ తర్వాత లోపల ఎక్కడో గుటక మింగిన చప్పుడు, ఒక పెద్ద తేన్పు, పాతబురద వాసన గాలి ముఖాన కొట్టింది. దీపం పోయింది.

"కొండెక్కింది!" అని అరిచింది నూకరత్నం.

ఏది కొండెక్కిందని ఆవిడ ఉద్దేశమో నేను అడగలేదు. ఇద్దరం ఒకరినొకరం పట్టుకుని, చీకట్లో, ముసలి పిశాచాల్లా అరిచాం. జనం మెట్ల మీద పరిగెత్తుకుంటూ వచ్చారు. ముందు నల్లటి బురద వచ్చింది. వేర్లు, ఒక కప్ప, దానికి మాకన్నా ఎక్కువ ఆశ్చర్యం. తర్వాత ఎర్రనీళ్ళు. బకెట్లు మార్చి మార్చి పట్టాం. నా చిటికెనవేలంత ధార, సన్నదే, ఆగదు. సాయంత్రానికి తేటపడింది. మరగకాచి చల్లార్చాం. రుచి చూసే హక్కు నూకరత్నానిదే అన్నాను. ఆవిడ పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, మింగి, చెంబు నాకు అందించింది. చెంప మీద ఉప్పునీళ్ళు మాత్రం ఆవిడవే.

పొద్దు వాలాక నువ్వు వచ్చావు. మోకాళ్ళు గీసుకుపోయి, చీలమండకు జలగతో. రాతితో కట్టిన చిన్న ఊటబావి, దాని నిండా రావి వేళ్ళు, కోసి కోసి చేతులు బొబ్బలెక్కాయని చెప్పావు. నేను జలగ తీసి పసుపు పెట్టాను. "చూశావా" అని నువ్వు అనలేదు. నీ స్థానంలో నేనైతే పున్నమిదాకా అంటూనే ఉండేదాన్ని. ఈ గుణం నీకు నా నుంచి రాలేదు, అందుకు సంతోషం.

జ్యేష్ఠ పౌర్ణమి

పోటు అయిదో అంతస్తు గుమ్మాల దాకా వచ్చింది, ఈ ఏడాదికి ఇదే ఎక్కువ.

పరాంకుశం ఆ పోటు మీదే వచ్చాడు. పరీక్షసీసాలో పట్టాడు, ఏవో చుక్కలు వేశాడు, రంగు చూశాడు. ఆ తర్వాత గ్లాసు అడిగి తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. "ఇది పరీక్ష కోసమేనా?" అని నూకరత్నం అడిగితే, "కాదమ్మా, దాహం" అన్నాడు. మందారం బ్లాకు ఉంటుంది. కాచి తాగాలి, ఊటబావికి మూత వెయ్యాలి, నెలకోసారి సీసా పంపాలి. అన్నిటికీ నీ తరఫున నేనే తల ఊపాను. మధ్యాహ్నం నుంచి పక్కగదిలో, ఖాళీ చెయ్యడానికని కదిపిన మంచాలు నూకరత్నం మళ్ళీ పాతచోటికి జరుపుకుంటున్న చప్పుడు. కునుకు తీయనివ్వడం లేదని గోడ మీద కొట్టాను. అటు నుంచీ కొట్టింది. ఇంకా గట్టిగా.

అతను చెప్పకముందే నువ్వు మూత వెయ్యడానికి మళ్ళీ కొండకు వెళ్ళావు కాబట్టి, ఈ పేజీ తెప్పవాళ్ళ చేత పంపుతున్నాను.

ఆ ఒక్క మాట రాసిందెవరై ఉంటారా అని ఆలోచిస్తున్నాను. పేరు లేదు, తేదీ లేదు. నీళ్ళు కింద ఎక్కుతూ ఉంటే ఎవరో ఆ బరువైన గొట్టపు చుట్ట భుజాన వేసుకుని, జారుతూ లేస్తూ ఆ రాళ్ళమీదికి లాగారు. కిందికి వచ్చి, రొప్పుతూ, రంగుడబ్బా తీసుకుని, అమ్మయ్య అని రాశారు: కొండెక్కింది! ఆ ఆయాసం, ఆ ఆనందం అక్షరాల వంకరలోనే ఉన్నాయి. నేనేమో దాన్ని చావుకబురులా చదివాను. నువ్వు ఉన్నది ఉన్నట్టు చదివావు. వాళ్ళకూ నీకూ కలిపి ఒకే దండం పెట్టుకున్నాను, విడివిడిగా పెడితే నీకు పొగరెక్కుతుంది. ఆ రాత చెరపనివ్వను. దాని కింద నా చేత్తో, ఎవరూ రెండు రకాలుగా చదవలేని మాటలు చేరుస్తాను: "కొండ మీది ఊట నుంచి మన వంటశాలకు. మంచినీళ్ళు. వస్తున్నాయి."

ఇక నీకో పని. ఊటబావికి పైన కుంకుడుచెట్లు ఉన్నాయని నువ్వే అన్నావు. రేపు దిగేటప్పుడు రెండు దోసిళ్ళ కాయలు ఏరుకురా. చెట్టెక్కకు, రాలినవే చాలు. నల్లబడినవి, పురుగు తొలిచినవి వదిలెయ్యి. ఊపితే గింజ గలగలమనేవి మంచివి. అక్కడే రాతి మీద కొట్టి గింజలు తీసేసి తీసుకురా, ఇక్కడ కొడితే నూకరత్నం నా గోడ దడదడలాడిస్తుంది. ఉప్పునీళ్ళలో ఇన్నాళ్ళూ నురగ రాలేదు, ఆవిడ జుట్టు తాళ్ళు కట్టింది, నాదీ అంతే. ముందు ఆవిడకు పోస్తాను, తర్వాత నాకు నువ్వు పోద్దువుగాని. కాయలు తడవకుండా కొంగులో మూట కట్టు.